నక్షత్రాల మధ్య నుంచి వచ్చి వెళ్లినవి మూడు. వచ్చి ఇక్కడే ఉండిపోయినవి ఏవైనా ఉన్నాయా?

ఆకాశయాత్రి:

మిత్రులకు నమస్కారం. మన సౌరకుటుంబానికి బయట పుట్టి, సూర్యుడి పక్కగా సాగిపోయిన వస్తువులు ఇప్పటివరకు మూడు నిర్ధారణ అయ్యాయి. 2017 అక్టోబరు 19న హవాయిలోని హలేయకాలా శిఖరం మీద ఉన్న పాన్‌స్టార్స్ దుర్భిణి చిత్రాల్లో రాబర్ట్ వెరిక్ గుర్తించిన ఔమువామువా మొదటిది. 2019 ఆగస్టు 30న క్రిమియాలో గెన్నడీ బోరిసోవ్ తాను సొంతంగా తయారు చేసుకున్న 65 సెంటీమీటర్ల దుర్భిణితో కనిపెట్టిన తోకచుక్క రెండవది. 2025 జులై 1న చిలీలోని అట్లాస్ దుర్భిణికి చిక్కిన 3ఐ/అట్లాస్ మూడవది.

ఈ మూడింటి గురించి మన వేదికలో ఎవరికి తోచినంత వారు రాశారు. నా ప్రశ్న వేరు. ఈ మూడూ సూర్యుడి దగ్గరకు వచ్చి, వంపు తిరిగి, మళ్లీ ఎప్పటికీ కనిపించనంత దూరం పోయే దారిలో ఉన్నాయి. సూర్యుడు పుట్టి 460 కోట్ల సంవత్సరాలు అయింది. ఇంత కాలంలో ఇలా వచ్చినవాటిలో కొన్నయినా ఇక్కడే చిక్కుకుపోయి ఉండాలి కదా? చిక్కుకోవడం ఎలా జరుగుతుంది? ఈ రోజు మనం మన తోకచుక్క అనుకుంటున్నది నిజానికి పరాయి నక్షత్రం దగ్గర పుట్టిందేమో తేల్చడానికి దారి ఉందా? ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాడిని కాబట్టి, లెక్కతో సహా వివరించేవారు ఉంటే తరగతికి కూడా పనికొస్తుంది.

కక్ష్యాగణితం:

ఆకాశయాత్రి గారూ, చిక్కుకోవడం గురించి మాట్లాడే ముందు ఒక వస్తువు బయటిదని ఏ ఆధారంతో అంటున్నామో స్పష్టం చేసుకోవాలి. మీ చివరి ప్రశ్నకు జవాబు అంతా ఆ ఆధారం మీదే నిలబడి ఉంది.

ఆధారం వేగం ఒక్కటే. సూర్యుడికి కట్టుబడి ఉన్న వస్తువు, ఎంత పొడవైన దీర్ఘవృత్తంలో తిరిగినా, సూర్యుడి నుంచి పూర్తిగా తప్పించుకునేంత వేగాన్ని ఎక్కడా అందుకోదు. బయటి నుంచి వచ్చినదానికి మాత్రం, సూర్యుడి ఆకర్షణ ఇంకా తాకని దూరంలోనే కొంత సొంత వేగం ఉంటుంది. దీన్ని అనంత వేగం అనుకుందాం. సూర్యుడి దగ్గర ఏ దూరంలోనైనా దాని వేగం వర్గం, అనంత వేగం వర్గానికీ అక్కడి పలాయన వేగం వర్గానికీ మొత్తం. భూకక్ష్య దూరంలో సూర్యుడి నుంచి పలాయన వేగం సెకనుకు 42.1 కిలోమీటర్లు. 3ఐ/అట్లాస్ 2025 అక్టోబరు 29న సూర్యుడికి అతి సమీపంగా 1.36 ఖగోళ ప్రమాణాల (ఒక ఖగోళ ప్రమాణం భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం) దూరానికి, అంటే సుమారు 20 కోట్ల 30 లక్షల కిలోమీటర్లకు వచ్చింది. అక్కడ పలాయన వేగం 36.1. దాని అనంత వేగం 58. 58 వర్గం 3364, 36.1 వర్గం 1303, మొత్తం 4667, వర్గమూలం 68.3. ఆ రోజు దాని వేగం సెకనుకు 68 కిలోమీటర్లని ప్రకటించిన అంకెతో ఇది సరిగ్గా కలుస్తుంది.

ఇక ఉత్కేంద్రత, అంటే కక్ష్య ఆకారం వృత్తానికి ఎంత భిన్నంగా ఉందో చెప్పే అంకె. సమీప బిందువు దూరాన్ని ఖగోళ ప్రమాణాల్లో తీసుకొని, అనంత వేగం వర్గంతో గుణించి, 887తో భాగించి, ఒకటి కలిపితే ఉత్కేంద్రత వస్తుంది. ఔమువామువాకు 0.255, 26.3 వేసి చూడండి, 1.20 వస్తుంది. బోరిసోవ్‌కు 2.007, 32.3 వేస్తే 3.36 వస్తుంది. అట్లాస్‌కు 1.356, 58 వేస్తే 6.14. పిల్లల చేత ఈ మూడూ బోర్డు మీద చేయించవచ్చు. ఉత్కేంద్రత ఒకటికి లోపల ఉంటే దీర్ఘవృత్తం, ఒకటి దాటితే అతిపరావలయం.

సందేహి:

అదే నేను అడగాలనుకున్నది. 6.14 అనే ఉత్కేంద్రత ఇంతకు ముందు ఎన్నడూ చూడనిది. దానికి తోడు ఈ వస్తువు గ్రహాలన్నీ తిరిగే తలానికి 5 డిగ్రీల లోపే, వాటికి ఎదురు దిశలో వచ్చింది. అక్టోబరు 3న అంగారకుడికి 3 కోట్ల కిలోమీటర్ల లోపుగా వెళ్లింది. 2026 మార్చి 16న గురుగ్రహానికి సుమారు 5 కోట్ల 36 లక్షల కిలోమీటర్ల దూరంలో వెళ్తుంది. అది దాదాపుగా గురుడి ఆకర్షణ ఆధిపత్యం ముగిసే హద్దు. చిలీలోని పెద్ద దుర్భిణితో చూసినప్పుడు ఇనుము కనబడక ముందే నికెల్ ఆవిరి కనబడింది. ఇవన్నీ ఒక్క వస్తువులోనే కలిసి రావడాన్ని యాదృచ్ఛికం అని పక్కన పెట్టడం నాకు న్యాయంగా తోచడం లేదు. హార్వర్డ్ ఆచార్యుడు ఆవీ లోబ్ లేవనెత్తిన ఈ అంశాలకు అంశాలుగానే సమాధానం చెప్పాలి తప్ప, ప్రశ్న అడిగినవారిని చిన్నచూపు చూడకూడదు.

కక్ష్యాగణితం:

సందేహి గారూ, మీరు కోరిన పద్ధతిలోనే చెబుతాను.

ఉత్కేంద్రతలో వింత లేదు. పైన ఇచ్చిన సూత్రంలో సమీప బిందువు దూరం కూడా ఉంది. 3ఐ/అట్లాస్ అదే 58 కిలోమీటర్ల వేగంతో వచ్చి, ఔమువామువా లాగా 0.255 ఖగోళ ప్రమాణాల దగ్గరగా వెళ్లి ఉంటే దాని ఉత్కేంద్రత 2 లోపే ఉండేది. అసలు చూడవలసింది 58 అనే వేగాన్ని. పాలపుంతలో వయసు మీరిన నక్షత్రాలు సూర్యుడితో పోలిస్తే ఎక్కువ వేగంతో కదులుతాయి. అందుకే ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన మాథ్యూ హాప్కిన్స్ బృందం ఇది సూర్యుడి కంటే పాతదై, 700 కోట్ల సంవత్సరాలకు పైబడిన వయసు కలది కావచ్చని అంచనా వేసింది. నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించిన అంకె అదే. భూమి లేదు, సూర్యుడు లేడు, అప్పటికే ఈ మంచు ముద్ద ఎక్కడో గడ్డకట్టి ఉంది.

తలం విషయంలో మీరు చెప్పింది నిజం. ఏ దిశ నుంచైనా సమానంగా రాగలిగే వస్తువు గ్రహాల తలానికి 5 డిగ్రీల లోపు రావడానికి ఉన్న అవకాశం నూటికి ఒకటి కూడా లేదు. అయితే వస్తువును చూసిన తర్వాత దానిలో అరుదైన లక్షణాలను ఏరి, వాటికి సంభావ్యత కడితే ఏ తోకచుక్కకైనా అలాంటి చిన్న అంకెలే వస్తాయి. పైగా తలంలోనే ప్రయాణించే వస్తువు ఒకటి రెండు గ్రహాలకు దగ్గరగా వెళ్లడం ఆ తలం వల్ల కలిగే పర్యవసానమే. దాన్ని మరో వింతగా మళ్లీ లెక్కించకూడదు.

గురుడి దగ్గర జరిగేది లెక్క వేసి చూశాను. గురుడితో పోలిస్తే దాని వేగం సెకనుకు సుమారు 66 కిలోమీటర్లు. ఆ దూరంలో ఆ వేగానికి గురుడు దాని దారిని డిగ్రీలో పదోవంతు కూడా తిప్పలేడు. వచ్చిన తీరు ఎలా ఉన్నా, అక్కడ అది ఆగే ప్రసక్తి లేదు.

రసాయనశాల:

నికెల్ గురించి నేను రాస్తాను. ఇది నాకు ఇష్టమైన విషయం.

సూర్యుడికి దూరంగా, చలిలో ఉన్న తోకచుక్క నుంచి లోహపు ఆవిరి రావడం ఎవరూ ఊహించనిదే. లోహం ఆవిరి కావడానికి కావలసిన వేడి అక్కడ ఉండదు. కానీ ఇది 3ఐ/అట్లాస్‌తో మొదలుకాలేదు. 2021లో బెల్జియం శాస్త్రజ్ఞుల బృందం, ఎన్నో ఏళ్లుగా దాచిపెట్టిన వర్ణపటాలను, అంటే కాంతిని రంగులుగా విడదీసిన నమోదులను, తిరిగి పరిశీలించి, మన సౌరకుటుంబానికి చెందిన సుమారు 20 తోకచుక్కల్లో ఇనుము, నికెల్ పరమాణువుల గీతలు ఉన్నాయని చూపింది. అప్పుడే పోలండ్ శాస్త్రజ్ఞులు బోరిసోవ్ తోకచుక్కలోనూ నికెల్ ఆవిరిని చూపించారు. మన తోకచుక్కల్లో ఈ రెండు లోహాలూ దాదాపు సమానంగా ఉన్నాయి. సూర్యుడిలో మాత్రం ఇనుమే ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే నికెల్ ఏదో తేలికగా విడిపోయే సమ్మేళనం రూపంలో బయటికి వస్తోందన్నమాట. నికెల్ పరమాణువు కార్బన్ మోనాక్సైడ్ అణువులతో కలిసి ఏర్పడే కార్బొనిల్ అలాంటి సమ్మేళనమే. అది తక్కువ ఉష్ణోగ్రతలోనే ఆవిరవుతుంది. సూర్యుడికి దూరంగా ఉన్నప్పుడు నికెల్ ముందు కనబడి, దగ్గరకు వచ్చాక ఇనుము కనబడటం ఈ వివరణకు అనుగుణంగానే ఉంది.

అంతకంటే విలువైన పరిశీలన జేమ్స్ వెబ్ దుర్భిణి 2025 ఆగస్టు 6న చేసింది. 3ఐ/అట్లాస్ చుట్టూ ఉన్న వాయువులో నీటి ఆవిరి కంటే కార్బన్ డయాక్సైడ్ సుమారు 8 రెట్లు ఉంది. సూర్యుడికి ఆ దూరంలో ఉన్న మన తోకచుక్కల్లో ఈ నిష్పత్తి ఇంత పెద్దగా ఉండటం చాలా అరుదు. బోరిసోవ్ విషయంలో ఎక్కువగా కనిపించినది కార్బన్ మోనాక్సైడ్. హబుల్ అంతరిక్ష దుర్భిణి, చిలీలోని ఆల్మా రేడియో దుర్భిణి రెండూ 2020లో దాన్ని నిర్ధారించాయి. కార్బన్ మోనాక్సైడ్ అతి తీవ్రమైన చలిలో తప్ప గడ్డకట్టదు. కాబట్టి అది తన నక్షత్రానికి చాలా దూరంగా పుట్టి ఉండాలి. రెండు తోకచుక్కలు, రెండు వేరువేరు జన్మస్థలాల చలి. దుర్భిణి వర్ణపటంలోని నాలుగైదు గీతల నుంచి ఇంత తెలుసుకోగలగడం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

రాత్రిగస్తీ:

నేను అనంతపురం జిల్లాలో ఉంటాను. నా దగ్గర 8 అంగుళాల దుర్భిణి ఉంది. ఇక్కడ ఎవరైనా దాన్ని కళ్లతో చూశారా అని రెండు మూడు చర్చల్లో అడిగారు కాబట్టి చెబుతున్నాను. మామూలు కంటికి అది ఎప్పుడూ కనబడలేదు. అక్టోబరు చివర్లో సూర్యుడికి అవతల ఉండటం వల్ల భూమి మీది దుర్భిణులకు అందలేదు. నవంబరులో తెల్లవారకముందు తూర్పున కన్యారాశిలో కనబడటం మొదలైంది. ఊరి దీపాలకు దూరంగా వెళ్లి, చార్టు చూసుకుంటూ వెతికితే, అంచులు తెలియని బూడిదరంగు మచ్చ ఒకటి కనబడింది. నేరుగా చూస్తే మాయమై, పక్కకు చూస్తే తేలేది. అరగంట తర్వాత పక్కనున్న రెండు చిన్న నక్షత్రాలతో పోల్చి చూసినప్పుడు అది జరిగిన సంగతి స్పష్టంగా తెలిసింది. చిత్రాల్లో చూపించే పచ్చటి కాంతి, పొడవాటి తోక కెమెరాలు చాలాసేపు వెలుతురు పోగుచేసినందువల్ల వచ్చేవి.

మన దేశంలో ఇలాంటి వస్తువులను వృత్తిరీత్యా పరిశీలించేవారు ఉన్నారు. అహ్మదాబాద్ భౌతిక పరిశోధనాలయం వారు మౌంట్ ఆబూ లోని 1.2 మీటర్ల దుర్భిణితో 2025 నవంబరు మధ్యలో 3ఐ/అట్లాస్‌ను చూసి, వర్ణపటంలో మామూలు తోకచుక్కల్లో ఉండే సయనోజెన్ (కార్బన్, నైట్రోజన్ కలిసిన వాయువు), ద్విపరమాణు కార్బన్ పట్టీలే ఉన్నాయని తెలిపారు. బోరిసోవ్‌ను వారు అక్కడి నుంచీ, లద్దాఖ్‌లోని హాన్లే వద్ద ఉన్న హిమాలయన్ చంద్ర దుర్భిణి నుంచీ చూశారు.

సందేహి:

3ఐ విషయంలో మీ ఇద్దరి సమాధానాలు సమంజసంగా ఉన్నాయి. మరి ఔమువామువా సంగతి? దానికి తోక లేదు, వాయువు లేదు, ధూళి లేదు. అయినా సూర్యుడి నుంచి దూరంగా, ఆకర్షణ లెక్కకు అందని అదనపు త్వరణం కనబడింది. దాని కాంతి సుమారు ఎనిమిది గంటలకోసారి పది రెట్ల దాకా మారేది. పలుచటి రేకు లాంటి కృత్రిమ వస్తువు అయితే సూర్యకాంతి ఒత్తిడితోనే ఈ త్వరణం వస్తుందని 2018లో బియాలీ, లోబ్ రాశారు.

రసాయనశాల:

ఔమువామువా విషయంలో తలుపు పూర్తిగా మూసుకుందని నేను అనను. దాన్ని కనుగొనేసరికే అది సూర్యుడిని చుట్టి అయిదు వారాలు దాటింది. భూమికి అతి దగ్గరగా వచ్చిన రోజు కూడా అయిదు రోజుల ముందే గడిచిపోయింది. 2018 జనవరి మొదట్లో హబుల్ చివరిసారి చూసింది. అంటే మనకు మొత్తం దొరికినది రెండున్నర నెలల వెలుతురు, అదీ ఒక చుక్క రూపంలో. ఆకారం నేరుగా ఎవరూ చూడలేదు. వార్తల్లో వచ్చిన చుట్ట లాంటి బొమ్మ చిత్రకారుడి ఊహ. కాంతి మార్పులకు పలుచటి బిళ్ల ఆకారం కూడా సరిపోతుంది.

త్వరణానికి సహజ కారణాలు ముందుకు వచ్చాయి. హైడ్రోజన్ మంచు అని 2020లో ఒక సూచన వచ్చింది. అలాంటి మంచు నక్షత్రాల మధ్య ప్రయాణంలో కరగకుండా మిగలడం కష్టమని దానికి అభ్యంతరం చెప్పారు. ప్లూటో వంటి గ్రహపు ఉపరితలం నుంచి ఊడిన నైట్రోజన్ మంచు అని 2021లో జాక్సన్, డెష్ రాశారు. అలాంటి ముక్కలు అంత పెద్ద సంఖ్యలో ఉండాలంటే కావలసిన నైట్రోజన్ ఎక్కడిదన్న ప్రశ్న వచ్చింది. 2023లో బెర్గ్‌నర్, సెలిగ్మన్ చెప్పినది నాకు అన్నిటికంటే నమ్మదగినదిగా తోస్తుంది. నీటి మంచు విశ్వకిరణాల తాకిడికి లోలోపల విడిపోయి, హైడ్రోజన్ అణువులను తన రంధ్రాల్లో బంధించి ఉంచుకుంటుంది. సూర్యుడి వేడికి మంచు నిర్మాణం సర్దుకుంటున్నప్పుడు ఆ హైడ్రోజన్ బయటపడుతుంది. ధూళిని మోసుకురాదు కాబట్టి తోక కనబడదు. వస్తువు వంద మీటర్ల స్థాయిలో చిన్నది కావడంతో ఆ కొద్దిపాటి వాయువు నెట్టుడే లెక్కకు తగిలింది.

రేకు వాదానికి అనుకూలంగా ఇంతవరకు స్వతంత్రమైన ఆధారం దొరకలేదు. 2017 డిసెంబరులో గ్రీన్ బ్యాంక్ రేడియో దుర్భిణితో ఔమువామువా వైపు విన్నారు. ఏ సంకేతమూ లేదు. 2025 అక్టోబరులో 3ఐ/అట్లాస్ నుంచి దక్షిణాఫ్రికాలోని మీర్‌కాట్ పట్టుకున్న రేడియో గీతలు హైడ్రాక్సిల్ అణువులవి. నీరు సూర్యకాంతికి విడిపోతే ఏర్పడేవి అవే.

ఆకాశయాత్రి:

ఈ వివరాలకు కృతజ్ఞతలు. ఇప్పుడు నా మొదటి ప్రశ్నకు రావాలని కోరుతున్నాను. కక్ష్యాగణితం గారూ, సూర్యుడు ఎందుకు వీటిని పట్టుకోలేకపోతున్నాడు?

కక్ష్యాగణితం:

సూర్యుడు ఒక్కడే ఉంటే ఎన్నటికీ పట్టుకోలేడు. ఆకర్షణలో పడినప్పుడు వస్తువుకు వచ్చే వేగాన్ని, బయటికి పోయేటప్పుడు అదే ఆకర్షణ తిరిగి తీసుకుంటుంది. లోపలికి రావడానికి ముందు ఎంత వేగం ఉందో, వెళ్లాక అంతే మిగులుతుంది. బావిలోకి జారిన గోళీ అవతలి గోడ ఎక్కి అదే ఎత్తుకు చేరినట్లే. ఈ లెక్క చెడగొట్టడానికి మూడవ వస్తువు కావాలి. మన సౌరకుటుంబంలో ఆ పని చేయగల శక్తి ప్రధానంగా గురుగ్రహానికి ఉంది.

గురుడి పక్కగా వెళ్లిన వస్తువు, గురుడితో పోల్చి చూస్తే, వచ్చిన వేగంతోనే వెళ్తుంది. దిశ మాత్రం మారుతుంది. కానీ గురుడు స్వయంగా సెకనుకు 13 కిలోమీటర్ల వేగంతో సూర్యుడి చుట్టూ కదులుతున్నాడు. కాబట్టి సూర్యుడితో పోల్చితే వస్తువు వేగం పెరగవచ్చు, తగ్గవచ్చు. గురుడి ముందు వైపు నుంచి దాటిపోతే వేగం తగ్గుతుంది. వాయేజర్ నౌకలు వెనుక వైపు నుంచి వెళ్లి వేగం పెంచుకున్నాయి. ఇది దానికి తలకిందులు.

ఇక ఎంత తగ్గాలో చూడండి. గురుడి దూరంలో సూర్యుడి నుంచి పలాయన వేగం సెకనుకు 18.47 కిలోమీటర్లు. 3ఐ/అట్లాస్ అక్కడ ఉండే వేగం 60.9. అది సూర్యుడికి కట్టుబడాలంటే ఒక్కసారిగా 42 కిలోమీటర్లకు పైగా పోగొట్టుకోవాలి. అది ఆచరణలో అసాధ్యం. అదే అనంత వేగం సెకనుకు 1 కిలోమీటరు మాత్రమే ఉన్న వస్తువును తీసుకోండి. గురుడి దగ్గర దాని వేగం 18.50 దాకా ఉంటుంది. అది పోగొట్టుకోవలసింది సెకనుకు సుమారు 27 మీటర్లు. గురుడికి ఓ మోస్తరు దగ్గరగా వెళ్లినా అది జరిగిపోతుంది.

అంటే నింపాదిగా వచ్చేవి మాత్రమే చిక్కుతాయి. కానీ ఇప్పుడు సూర్యుడి చుట్టుపక్కల తిరిగే నక్షత్రాల సాపేక్ష వేగాలు సాధారణంగా సెకనుకు పదుల కిలోమీటర్లు. నింపాదిగా వచ్చేవి బహు అరుదు.

రెండో చిక్కు ఇంకా ఉంది. చిక్కిన వస్తువు కక్ష్య మొదట్లో విపరీతంగా పొడవైన దీర్ఘవృత్తం. అది ప్రతి చుట్టులోనూ గురుడి కక్ష్య దాకా తిరిగి వస్తుంది. లోపలికి లాగిన గురుడే ఇంకోసారి బయటికి విసిరేస్తాడు. ఇలా చిక్కినవాటిలో అధిక భాగం సౌరకుటుంబపు వయసుతో పోలిస్తే అతి కొద్ది కాలమే ఇక్కడ ఉంటాయి.

ఆకాశయాత్రి:

అయితే 2018లో గురుగ్రహానికి ఎదురు దిశలో, అదే కక్ష్యలో తిరిగే ఒక గ్రహశకలం బయటి నుంచి వచ్చి స్థిరపడినదని వార్తలు వచ్చాయి. దాని సంగతేమిటి?

కక్ష్యాగణితం:

2015లో పాన్‌స్టార్స్‌కు దొరికిన 2015 బీజడ్509 గురించి అడుగుతున్నారు. తర్వాత దానికి కయెపవోకాఅవేలా అనే హవాయి పేరు పెట్టారు. ఫాతీ నమూనీ, హెలెనా మొరైస్ దానికి పది లక్షల కంప్యూటర్ నకళ్లు సృష్టించి, ఒక్కొక్కదాని కక్ష్యలో అతి సూక్ష్మమైన తేడా పెట్టి, 450 కోట్ల సంవత్సరాలు వెనక్కి నడిపించారు. కొన్ని నకళ్లు మొదటి నుంచీ అదే విచిత్రమైన కక్ష్యలో నిలబడ్డాయి. సౌరకుటుంబం పుట్టినప్పుడు పదార్థమంతా ఒకే దిశలో తిరుగుతోంది కాబట్టి, అప్పటికే ఎదురు దిశలో ఉన్నది బయటిదే అయి ఉండాలని వారు వాదించారు.

2020లో మోర్బిడెల్లీ తదితరులు దీన్ని ఖండించారు. అలాంటి కక్ష్యలో నకళ్లు కాలక్రమేణా వేగంగా తగ్గిపోతాయి. 450 కోట్ల సంవత్సరాలు మిగిలేవి అతి కొద్ది. ఆ కొద్ది మిగలాలన్నా మొదట్లో ఉండవలసిన సంఖ్య నమ్మశక్యం కానంత పెద్దది. సౌరకుటుంబంలోనే పుట్టిన తోకచుక్కలు గ్రహాల ఆకర్షణకు అటూ ఇటూ తిరిగి అలాంటి కక్ష్యలోకి తాత్కాలికంగా చేరడం దానికంటే ఎంతో సులభం. ఈ వివాదంలో మోర్బిడెల్లీ వైపు బలం ఉందని నా అభిప్రాయం. ఆధారం లేకపోవడమంటే పరాయివి లేవని కాదు. ఈ ఒక్కదాన్ని పరాయిదని చూపించలేకపోయారని మాత్రమే.

ప్రవాసి:

డాలస్ నుంచి రాస్తున్నాను. చాలా రోజులుగా చదువుతూ ఉన్నాను, మొదటిసారి అడుగుతున్నాను. నింపాదిగా వచ్చేవే చిక్కుతాయని చెప్పారు. సూర్యుడు ఒంటరిగా పుట్టలేదు, వందలు వేల నక్షత్రాల గుంపులో పుట్టాడని చదివాను. ఆ గుంపులో నక్షత్రాలు ఒకదానికొకటి అంత వేగంగా కదలవు కదా? అప్పుడు చిక్కుకోవడం తేలిక అయి ఉండాలి.

కక్ష్యాగణితం:

ప్రవాసి గారూ, ఈ చర్చ మొత్తంలో అతి ముఖ్యమైన అంశాన్ని పట్టుకున్నారు. పుట్టిన గుంపులో నక్షత్రాల సాపేక్ష వేగాలు సెకనుకు ఒక కిలోమీటరు స్థాయిలో ఉంటాయి. పైన చెప్పిన 27 మీటర్ల లెక్క సరిగ్గా ఆ పరిస్థితిదే. 2010లో హారొల్డ్ లెవిసన్ బృందం ఒక అధ్యయనంలో, సౌరకుటుంబపు అంచుల్లో గోళాకారంగా పరుచుకున్న ఊర్ట్ మేఘంలోని తోకచుక్కల్లో 90 శాతానికి పైగా, ఆ గుంపులోని తోబుట్టువు నక్షత్రాల దగ్గర పుట్టి మన సూర్యుడికి చిక్కినవి కావచ్చని ప్రతిపాదించింది. ఊర్ట్ మేఘంలో ఉన్నట్లు తోచే తోకచుక్కల సంఖ్య, మన గ్రహాలు బయటికి నెట్టి ఉండగల సంఖ్య కంటే ఎక్కువగా ఉండటం వారి వాదానికి మూలం. ఇది అందరూ ఒప్పుకున్న సిద్ధాంతం కాదు. అయినా నిజమైతే, మీ తాతలు చూసిన తోకచుక్కల్లో కొన్ని వేరే సూర్యుడి దగ్గర పుట్టినవే అవుతాయి.

ఇక్కడే అసలైన ఇబ్బంది వస్తుంది. బయటిదని చెప్పడానికి మన దగ్గర ఉన్న ఒకే ఒక ఆధారం అదనపు వేగం. చిక్కుకోవడం అంటే ఆ అదనపు వేగాన్ని పోగొట్టుకోవడమే. కాబట్టి చిక్కిన క్షణంలోనే దాని పుట్టుపూర్వోత్తరాల సాక్ష్యం చెరిగిపోతుంది. కక్ష్యను మాత్రమే చూసి ఎవరూ తేల్చలేరు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1980 ఫిబ్రవరిలో బొవెల్ కనుగొన్న తోకచుక్క సూర్యుడికి కట్టుబడి, లక్షల సంవత్సరాలకు ఒకసారి చుట్టే కక్ష్యలో వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో గురుడికి సుమారు 3 కోట్ల 40 లక్షల కిలోమీటర్ల దగ్గరగా వెళ్లింది. గురుడు దాని వేగం పెంచడంతో ఉత్కేంద్రత 1.057 అయింది. ఇప్పుడు అది సెకనుకు 4 కిలోమీటర్లకు దగ్గరైన అనంత వేగంతో శాశ్వతంగా బయటికి పోతోంది. ఎప్పుడో ఒక కాలంలో ఇంకో నక్షత్రం దగ్గర ఎవరైనా ఉంటే, వారికి అది మన వైపు నుంచి వెళ్లిన అతిథి.

రసాయనశాల:

కక్ష్య చెప్పలేనిది పదార్థం చెప్పవచ్చు. 1986లో డొనాల్డ్ మాకోల్జ్ కనుగొన్న 96పి తోకచుక్కలో సయనోజెన్, ఇతర తోకచుక్కలతో పోలిస్తే డెబ్బై రెట్లకు పైగా తక్కువగా ఉందని డేవిడ్ ష్లైకర్ 2008లో తెలిపారు. అది పరాయి నక్షత్రం దగ్గర పుట్టి చిక్కినదేమో అన్నది ఆయన సూచించిన అవకాశాల్లో ఒకటి. సూర్యుడికి 0.12 ఖగోళ ప్రమాణాల దగ్గరగా అయిదేళ్లకోసారి వస్తుంది కాబట్టి, ఆ వేడికే దాని రసాయనం మారిపోయిందేమో కూడా. అందువల్ల అణువుల నిష్పత్తులు మాత్రమే చాలవు.

ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు వేరుగా ఉండే పరమాణువుల రకాలు, అంత తేలికగా మారవు. సౌరకుటుంబంలో ఎక్కడ చూసినా కార్బన్-12, కార్బన్-13ల నిష్పత్తి 89కి దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే మనమంతా ఒకే మేఘం నుంచి పుట్టాం. వేరే మేఘంలో, వేరే కాలంలో పుట్టిన దానికి వేరే అంకె ఉంటుంది. ఈ పద్ధతి పనిచేస్తుందనడానికి రుజువు మన ప్రయోగశాలల్లోనే ఉంది. 1969 సెప్టెంబరు 28న ఆస్ట్రేలియాలోని మర్చిసన్ దగ్గర పడిన ఉల్కను పొడి చేసి, ఆమ్లాల్లో కరిగించినప్పుడు మిగిలిన సిలికాన్ కార్బైడ్ రేణువుల్లో, సౌరకుటుంబంలో ఎక్కడా లేని ఐసోటోపు నిష్పత్తులు కనబడ్డాయి. అవి సూర్యుడి కంటే ముందు వేరే నక్షత్రాల వాతావరణాల్లో ఘనీభవించిన రేణువులు. వాటిలో కొన్ని సూర్యుడి కంటే 300 కోట్ల సంవత్సరాల దాకా పాతవని 2020లో ప్రకటించారు. భూమి మీద మనిషి చేతికి అందిన అత్యంత పాత ఘనపదార్థం ఇదే. మనం ఆకాశంలో వెతుకుతున్న పరాయి పదార్థం ఇలా రేణువుల రూపంలో ఎప్పుడో మన చేతికి వచ్చింది.

సందేహి:

మరి 2014 జనవరి 8న పపువా న్యూగినీ దగ్గర సముద్రం మీద పేలిన ఉల్క? అమెరికా సైనిక సెన్సర్ల ప్రకారం దాని వేగం సెకనుకు 45 కిలోమీటర్లు. సముద్రం అడుగు నుంచి రేణువులు కూడా తీశారు కదా?

కక్ష్యాగణితం:

ఆ సెన్సర్లు ఆయుధాలను కనిపెట్టడానికి ఉద్దేశించినవి. వాటి కొలతల్లో పొరపాటు ఎంత ఉండవచ్చో బయటికి ఇవ్వరు. పొరపాటు హద్దులు తెలియనప్పుడు అనంత వేగం ఉందో లేదో చెప్పలేం. పేలిన చోటును కచ్చితంగా గుర్తించడానికి వాడిన, భూకంపాలను నమోదు చేసే కేంద్రపు సంకేతం దగ్గర్లోని రోడ్డు మీద వెళ్లిన లారీదని 2024లో బెంజమిన్ ఫెర్నాండో బృందం చూపించింది. తీసిన రేణువులు ఆ ఉల్కవేనని చెప్పడానికి గొలుసులో తొలి లంకే తెగింది. దీన్ని జాబితాలో చేర్చడానికి నేను ఒప్పుకోను.

ఆకాశయాత్రి:

చివరిగా ఒకటి. ఒక వస్తువు చిక్కుకుంటున్న సమయంలోనే మనం దాన్ని చూడగలిగే అవకాశం ఉందా? అలా అయితే సాక్ష్యం చెరిగే ముందే నమోదై ఉంటుంది కదా.

కక్ష్యాగణితం:

ఉంది. ముందు సంఖ్య చూద్దాం. ఔమువామువా దొరికిన తర్వాత, అలాంటివి ఒక ఘన ఖగోళ ప్రమాణానికి 0.1 చొప్పున ఉండవచ్చని అంచనా వేశారు. నెప్ట్యూన్ కక్ష్య లోపలి గోళం సుమారు 1,13,000 ఘన ఖగోళ ప్రమాణాలు. అంటే ఏ క్షణంలో చూసినా నెప్ట్యూన్ లోపల పది వేలకు పైగా ఉంటాయి. ఒకే వస్తువు మీద కట్టిన అంచనా కాబట్టి పదింతలు అటూ ఇటూ కావచ్చు. వాటిలో దాదాపు అన్నీ మనకు కనబడనంత చిన్నవి, దూరమైనవి.

చిలీలోని సెర్రో పచోన్ మీద 8.4 మీటర్ల దర్పణం, 3200 మెగాపిక్సెల్ కెమెరాతో వెరా రూబిన్ వేధశాల 2025 జూన్‌లో మొదటి చిత్రాలు విడుదల చేసింది. దక్షిణ ఆకాశం మొత్తాన్ని మూడు నాలుగు రాత్రులకోసారి చొప్పున పదేళ్ల పాటు చిత్రించడం దాని పని. దీని ఉపయోగం కొత్తవి కనిపెట్టడంతో ఆగదు. ఒక వస్తువు గురుడి దగ్గరకు రాకముందు ఎక్కడ ఉందో, దాటాక ఎక్కడ ఉందో రెండూ పాత చిత్రాల్లో వెతికి తీయవచ్చు. 3ఐ/అట్లాస్‌ను జులై 1న కనిపెట్టాక, అంతకు ముందు నెలల చిత్రాల్లోనే అది ఉన్నట్లు బయటపడింది. అలా గురుడికి ముందు ఉత్కేంద్రత ఒకటి పైన, తర్వాత ఒకటి లోపల ఉన్నట్లు కొలవగలిగితే, 1980 నాటి బొవెల్ తోకచుక్క కథ తలకిందులుగా మన కళ్ల ముందు జరిగినట్లే. ముందు వైపు అనంత వేగం సెకనుకు ఒకటి రెండు కిలోమీటర్లే ఉంటుంది కాబట్టి, ఉత్కేంద్రతను దశాంశం తర్వాత మూడు అంకెల దాకా నమ్మకంగా కొలవాలి. నెలల తరబడి స్థానాలు ఉంటే అది సాధ్యమే.

రసాయనశాల:

అలాంటిది దొరికితే దగ్గరకు వెళ్లే ఏర్పాటు కూడా జరుగుతోంది. యూరోపియన్ అంతరిక్ష సంస్థ, జపాన్ సంస్థ కలిసి ఈ దశాబ్దం చివర్లో కామెట్ ఇంటర్‌సెప్టర్ అనే నౌకను పంపనున్నాయి. అది జేమ్స్ వెబ్ ఉన్న ఎల్2 ప్రాంతంలో, లక్ష్యం ఇంకా తెలియకుండానే వేచి ఉంటుంది. సూర్యుడి వైపు తొలిసారి వస్తున్న తోకచుక్క గానీ, దారి కలిసొస్తే నక్షత్రాంతర వస్తువు గానీ కనబడినప్పుడు బయలుదేరుతుంది. సెకనుకు 58 కిలోమీటర్లతో వచ్చేదాన్ని పక్కనుంచి దాటుతూ క్షణాల్లో కొలతలు తీసుకోవాలి. చిక్కి స్థిరపడినదైతే మాత్రం నిదానంగా వెంట వెళ్లవచ్చు. రోసెట్టా నౌక 67పి తోకచుక్క చుట్టూ రెండేళ్లు తిరిగి, దాని నీటిలో డ్యూటీరియం (బరువైన హైడ్రోజన్) భూమి సముద్రాల కంటే మూడు రెట్లకు పైగా ఉందని తేల్చినట్లు, దీనిలోనూ డ్యూటీరియం, కార్బన్-13 రెండూ కొలవవచ్చు. నా దృష్టిలో మొదట కొలవవలసింది 96పిలోని కార్బన్ నిష్పత్తి. అది అయిదేళ్లకోసారి తనంతట తానే మన దగ్గరకు వస్తోంది.

ఆకాశయాత్రి:

ఉత్కేంద్రత లెక్కను వచ్చే వారం తరగతిలో పెడుతున్నాను. అట్లాస్, బోరిసోవ్, ఔమువామువాలతో పాటు 1980 తోకచుక్కను నాలుగవ లెక్కగా ఇచ్చి, నాలుగింటిలో బయట పుట్టనిది ఏదో, అంకెలను మాత్రమే చూసి చెప్పగలరో లేదో పిల్లలను అడుగుతాను. వారి సమాధానాలు ఇక్కడే రాస్తాను.